తలనొప్పులు తగ్గిన వారం

కంపెనీ డాక్టరమ్మ ఎదుట మేనేజరు ఉత్సాహంగా కూర్చున్నాడు.

“ధ్యానం క్లాసు పెట్టించాక మావాళ్ల తలనొప్పులు మాయమయ్యాయండీ!”

“సంతోషం. క్లాసుకు రానివాళ్లకో?”

“వాళ్లకీ తగ్గాయి. అదే వింత!”

“కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆ వారం ఇంకేమైనా మారిందా?”

“ఏం లేదు. నా గదికి రంగులేస్తున్నారని నేను పై అంతస్తుకి మారానంతే.”

“ఓహో.”

“అంటే... నేనా?”

“ఇదివరకు రోజంతా వాళ్ల వెనకాలే నిలబడేవారుగా?”

“పని జరగొద్దూ? పైవాళ్లు నన్ను నిలదీస్తారు!”

“ఇప్పుడు పని ఆగిందా?”

“ఆగలేదు.”

“మళ్లీ కిందికి ఎప్పుడొస్తారు?”

“రేపే. రంగులు అయిపోవచ్చాయి.”

“మీకూ తలనొప్పి ఉండేదిగా, ఎలా ఉంది?”

ఆయన చెయ్యి అలవాటుగా కణత దాకా వెళ్లి ఆగిపోయింది.

“లేదండీ... పెయింటరుని ఇంకో రెండు పూతలు వెయ్యమంటాను.”