నాలుగు వేళ్ళ చెక్క

ఆ నిట్రాటకి ఆనుకోకే తల్లీ, ఇటొచ్చి కూర్చో. ఎందుకా? మీ తాతకి నాన్న, అంటే మా మామగారు, కట్టిన ఇల్లిది. వడ్రంగి. ఆయన బాడిస చేత పట్టుకుంటే దుంగలే భయపడి వాటంతటవి చదునయ్యేవి. అబద్ధమైతే నాకున్న రెండు పళ్ళూ ఊడిపోవాలి! ఇల్లు మొత్తంలో ఒక్క ఇనుప మేకు లేదు, వెతుక్కో. అన్నీ కొయ్య చీలలే. పైన దూలం, వాసాలు, వాటిమీద గడ్డి, ఏడేనుగుల బరువు. మోసేది నడిమధ్య ఉన్న ఈ నిట్రాట స్తంభమే.

కాపరానికొచ్చిన మూడోనాడు ఇల్లూడుస్తూ తలెత్తాను కదా, స్తంభానికీ దూలానికీ మధ్య నాలుగు వేళ్ళ మందాన చెక్క ముక్క! "ఇదేంటి మామయ్యా?" అన్నాను. ఆయన మొహాన సున్నం కొట్టినట్టయింది. "నెమ్మదమ్మా, మీ అత్తయ్య వింటుంది." కొలకర్ర కొస చీలిందని ముందురోజు ఆయనే నాలుగు వేళ్ళు కోసి పారేశారట. అది మరిచిపోయి దాంతోనే నిట్రాట కొలిచారట. "పదూళ్ళకి ఇళ్ళు కట్టేవాణ్ణి, నా ఇంట్లోనే పొట్టి స్తంభమని తెలిస్తే ఇంకెవడు పిలుస్తాడమ్మా?" అని బతిమాలారు. పులిలాంటి మనిషి, నన్ను!

ఎండలకి ఆ చెక్క బిగువు తప్పుతుంది. వానకి గడ్డి తడిసి బరువెక్కేలోపు దాన్ని కొట్టి బిగించాలి, లేదంటే కప్పు మన నెత్తినే. ఏటా అత్తయ్య పొరుగింటికి వెళ్ళినప్పుడు ఆయన పీటలు పేర్చుకుని ఎక్కి కొట్టేవారు. గుమ్మంలో నేను కాపలా. ఆయన పోయిన మరుసటేడు మబ్బు పట్టింది. కొయ్యసుత్తి కోసం ఇల్లంతా గాలించి ఇటొస్తే ఏముంది, అత్తయ్య అప్పటికే పీటలెక్కి టకటకా కొడుతోంది! నన్ను చూసి, "మీ మామయ్యతో అనకే" అంది. మనిషి పోయి ఎనిమిది నెలలు! నీకెప్పుడు తెలిసిందత్తయ్యా అంటే, "గృహప్రవేశం నాడే. లేకపోతే ఏటా మబ్బేసినప్పుడల్లా నాకు పొరుగింట్లో పనేంటే?" అంది.

తరవాత నలభై ఏళ్ళు నేనే కొట్టాను. నూట నలభై అనుకో. ఇప్పుడీ మోకాళ్ళు గడపే దాటనంటున్నాయి. అటు చూడు, మబ్బు. సుత్తి ధాన్యం గాదె వెనకుంది, పట్రా. ఊ, ఎక్కు. రెండే దెబ్బలు. ఇంకొంచెం గట్టిగా... ఆఁ, బిగిసింది. ఉష్, మీ అమ్మ వస్తోంది, దిగు దిగు! ఏం లేదు కోడలా, పిల్ల బూజు దులుపుతోంది!