పేరమ్మ రాయిలో పలికేదెవరు

ఏరా కోటేషూ, కొత్త బండికి పూజ చేయించావా? ఎక్కడ, పేరమ్మ తల్లి దగ్గరేనా? అనుకున్నాలే, ముందు చక్రానికి పసుపు చూసి. రా, ఇట్టా అరుగు మీద కూర్చో. ఆ కొబ్బరిచిప్ప లోపల మీ నాయనమ్మకియ్యి, నాకొద్దు. కోపమేం లేదురా. ముసలోడు మొండోడు, ప్రసాదం ముట్టడని మీ నాన్న చెప్పే ఉంటాడు. అదీ నిజమే. రాత్రిబడిలో మాకు అక్షరాలు దిద్దించిన మేష్టారు దేవుడు లేడని చెప్పాడు. ఆయన నేర్పిన అక్షరాలు నిజమైనప్పుడు ఈ మాట ఒక్కటే ఎందుకు అబద్ధమవుతుందని నేను దాన్నే పట్టుకుని కూర్చున్నా. కానీ ఆ రాయి దగ్గర పెట్టింది నేను తినకపోవటానికి కారణం వేరే ఉంది. నువ్వు చిన్నప్పట్నుంచీ హాస్టల్లో పెరిగినోడివి, నీకు తెలియదు. వింటానంటే చెబుతా. ముందు ఆ సెల్లు జేబులో పెట్టు.

నువ్వు తల్లీ తల్లీ అని దండం పెట్టుకొచ్చావే, ఆవిణ్ణి నేను ఒసేయ్ అని పిలిచినవాణ్ణి. మా పెరటి గోడ అవతలే వాళ్ళిల్లు. సీతారామాంజనేయులు, మనం రామాంజి అంటామే, వాడి పెళ్ళాం. నాకు చెల్లెలి వరస. గొంతా అది? మైకు! గేదె పాలియ్యకుండా ఎగబెడితే దాన్ని తిట్టే తిట్లకి మన కోళ్ళు గుడ్లు పెట్టటం మానేశాయని మీ నాయనమ్మ అనేది. నన్నూ వదిలేది కాదు. గోడ మీంచి తల పెట్టి, "అన్నా, నీకు దేవుడు లేడుగా, మరి నిన్న కాలు బెణికినప్పుడు అమ్మో అయ్యో అని ఎవర్ని పిలిచావు?" అనేది. నవ్వేది. ఆ నవ్వు ఊరి చివర దాకా వినపడేది. ఒక్కతే కూతురు, జ్యోతిర్మయి. అప్పట్లో చిన్నపిల్ల, ఎప్పుడు చూసినా తల్లి కొంగు నోట్లో పెట్టుకుని ఉండేది.

ఆ ఏడు మన దర్శి వైపు వానల్లేవు. తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. చేలు ఎండిపోయాయి. ఊళ్ళో సగం మంది మిరప కోతలకి గుంటూరు పక్క, ప్రత్తిపాడు అవతలికి పోయారు. రామాంజీ, పేరమ్మా కూడా పోయారు. పిల్లని అత్త హనుమాయమ్మ దగ్గర వదిలారు. కోతల్లో ఆడవాళ్ళని చూశావా నువ్వు? చీర మీద మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు. తలకీ మూతికీ తువ్వాలు చుట్టుకుంటారు. కళ్ళు మాత్రమే కనపడతాయి. లేకపోతే కాయ ఘాటుకి చేతులు మండిపోతాయి, పిల్లని కూడా ఎత్తుకోలేరు. సాళ్ళలో వంగి కోస్తుంటే ఎవరు ఎవరో కట్టుకున్నోడు కూడా చెప్పలేడు. అది గుర్తుంచుకో.

కోత అయిపోయి గుడిసెలకి తిరిగొస్తుంటే సాగరు కాలవ కట్ట మీద ట్రాక్టరు ట్రక్కు బోల్తా పడింది. మగాళ్ళు కల్లం దగ్గర ఉండిపోయారు, ట్రక్కులో అంతా ఆడవాళ్ళే. అందరూ ఎట్టాగో ఒడ్డెక్కారు. పేరమ్మ ఎక్కలా. కబురు తెలిసి నేనూ పోయా. కాలవ పొడుగునా తిరిగాం. చివరికి లాకుల దగ్గర శవం తేలింది. మొహం... వద్దులే, ఇప్పుడే టిఫిను తిన్నావు. చొక్కా మాత్రం రామాంజిదే. పచ్చ గళ్ళ చొక్కా, చిరిగిన జేబుకి ఎర్రదారంతో కుట్టు. ఆ కుట్టు పేరమ్మదని మా గోడకి కూడా తెలుసు. వాడు ఆ దారం మీద వేలు పెట్టి అట్టాగే కూలబడ్డాడు. ఇంకేం చూస్తాం? అక్కడే తగలబెట్టి బూడిద తెచ్చుకున్నాం.

పెద్దకర్మ అయ్యాక హనుమాయమ్మకి కల వచ్చింది. తమ చేను గట్టున తడిచిన చొక్కాతో నిలబడి "చలేస్తోంది, నాకింత చోటియ్యండి" అందట. మాట ఒక్కటే వినపడిందట, మొహం కనపడలేదట. సరే, ముత్తైదువుగా పోయింది గదా, పేరంటాలిగా నిలిపి కొలవాలన్నారు. గట్టు మీద రాయి పాతి, పసుపు పూసి, చీర చుట్టారు. మరుసటేడు చుట్టుపక్కల మిరప అంతా బొబ్బర తెగులుతో ముడుచుకుపోతే రామాంజి చేను మాత్రం పచ్చగా నిలబడింది. వాడు నారు ఆలస్యంగా వేశాడురా, అందుకని. నేను చెబితే ఎవరు వింటారు? జ్యోతికి విషజ్వరం వచ్చి డాక్టరు పెదవి విరిస్తే, తీసుకుపోయి రాయి దగ్గర పడుకోబెట్టారు. తెల్లారి లేచి అన్నం అడిగింది. మందు పనిచేసిందన్నా నేను. పిల్ల ఏమందో తెలుసా? "నా తల నిమిరింది మావయ్యా. చెయ్యి చల్లగా ఉంది" అంది. అక్కణ్ణించి చుట్టుపక్కల ఊళ్ళోళ్ళు రావటం మొదలు. ఆటో నడిపే సాహెబు కూడా బండికి నిమ్మకాయ కట్టేది అక్కడే. పంతం కొద్దీ పోనివాణ్ణి నేనొక్కణ్ణే.

అట్టా నాలుగైదేళ్ళు గడిచాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. నేను ఇదే అరుగు మీద పేపరు చదువుకుంటున్నా. "అన్నా, మా ఇంటికి తాళమేసుంది. అందరూ ఏరి?" అని గొంతు. తలెత్తలా నేను. ఎత్తబుద్ధి కాలా. ఆ గొంతు నాకు తెలియకపోవటమేంది? "ఏందన్నా, చెవుడు కూడా వచ్చిందా నీకు?" అంది. చూద్దును గదా, చేతిలో గుడ్డసంచితో పేరమ్మ. కాస్త చిక్కింది, తల నెరిసింది. నీడ ఉందా లేదా అని ముందు నేల చూశా, ఏం దాచను. ఉంది. చెంబుడు నీళ్ళిస్తే గటగటా తాగింది. ఎక్కడ చచ్చావే అంటే, చీరాలలో నేతవాళ్ళింట్లో కండెలు చుట్టుకుంటున్నానంది. ఆరోజు కాలవలోంచి తను అవతలి ఒడ్డుకెక్కిందట. "ఇవతల అందరూ ఏడుస్తున్నారన్నా. చీకట్లో ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటున్నారు. నన్ను మాత్రం ఎవరూ పిలవలా. పిలిస్తే వద్దామని చూశా. తర్వాత లేచి నడిచా" అంది. మరి పిల్లో అన్నా. తల దించుకుంది. "దానికోసమే వచ్చా. ఇంకేమీ వద్దు నాకు. అది అమ్మా అని నా దగ్గరికొస్తే చాలు" అంది.

ఆరోజేంటో తెలుసా? రాయి దగ్గర కొలుపు. ఊరంతా అక్కడే ఉంది. డప్పులు వినపడుతున్నాయి. ఎవరికది అని అడిగింది. ఏమని చెప్పను? నీకేనే అన్నా. నవ్వింది. నవ్వుతూనే అటు నడిచింది, నేను వెనకాల. జనం చూశారు. డప్పు ఆగిపోయింది. పొంగలి కుండ పొంగి పొయ్యిలో పడుతున్నా ఎవరూ కదల్లా. హనుమాయమ్మ ఒక్కసారిగా కాళ్ళ మీద పడింది. "తల్లీ, వచ్చావా!" అంది. "అత్తా, లే, నేను పేరమ్మని." "అవును తల్లీ, పేరమ్మవే." "నేను చావలా అత్తా." "నీకు చావేంది తల్లీ!" అని ఊరంతా లెంపలేసుకుంది. ఆకలేస్తోందంటే నైవేద్యం విస్తరి తెచ్చి ముందు పెట్టి దూరంగా జరిగారు. ఒరేయ్, ఏం మాట్లాడినా అది అమ్మవారి మాటే అవుతుంటే ఎట్టా బయటపడుద్దిరా మనిషి? జ్యోతి దీపం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పెద్దదయింది. పేరమ్మ చేతులు చాపింది. పిల్ల వచ్చి, తల్లి చేతుల్లోకి కాదు, కాళ్ళ దగ్గర కూర్చుని దణ్ణం పెట్టింది.

ఇంట్లోనే ఉంచుకున్నారనుకో. ఆ ఉండటం ఉండటమా? చీపురు పట్టుకుంటే లాక్కునేవాళ్ళు. బావి దగ్గరికి పోతే ఆడవాళ్ళు కడవలు దించి తప్పుకునేవాళ్ళు. రామాంజి గొడ్లచావిట్లో పడుకున్నాడు. వాణ్ణి తిట్టిపోసేది, "ఒరే సచ్చినోడా, నీ పెళ్ళాన్నిరా" అని. వాడేమో తిట్లు తగిలితే మంచిదని మరి కాస్త ముందుకి జరిగేవాడు. నాకు నవ్వొచ్చింది మొదట్లో. తర్వాత రాలా. "అమ్మా అనవే" అని జ్యోతిని అడిగేది. "అమ్మా" అనేది ఆ పిల్ల, కళ్ళు మూసుకుని, రాయి ముందు అన్నట్టే. అది విని పేరమ్మ పెరట్లోకొచ్చి, గోడకి తల ఆనించి ఏడ్చేది. ఆ గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడవటం నేను అప్పుడే చూశా.

రామాంజిని పట్టుకుని అడిగా. "ఒరేయ్, కళ్ళు పోయాయా, అది నీ పెళ్ళాం కాదూ?" వాడు చుట్టూ చూసి, "తెలుసు బావా" అన్నాడు. "నాకు మొదటి రోజే తెలుసు. ఇది నా పెళ్ళామే అయితే, మరి నేను తగలబెట్టింది ఎవర్ని? ఇన్నేళ్ళూ నేను అడిగితే పలికిందెవరు? పిల్ల తల నిమిరిందెవరు? ఇది పేరమ్మంటే అక్కడ ఎవరూ లేనట్టే గదా బావా. ఎవరూ లేకపోతే నేను బతకలేను" అన్నాడు. మా మేష్టారు దీనికి జవాబు చెప్పలేదురా. దేవుడంటే జనానికి భయమని చెప్పాడు. వీడిది భయం కాదు. పిలిస్తే ఎవరో ఒకరు ఆఁ అనాలి, అంతే. అది పోగొట్టుకోవటం కంటే పెళ్ళాన్ని పోగొట్టుకోవటమే మేలనిపించింది వాడికి.

వాడన్న మాట పేరమ్మకి చెప్పా. తగలబెట్టింది ఎవర్నన్న మాట దగ్గర నన్ను ఆపింది. "అన్నా, ఆరోజు దారిలో కలిసిన ఒక అమ్మాయి మాతో కోతకొచ్చింది. ఒంటరిది. ఎవరో ఏంటో. చొక్కా లేక చేతులు బొబ్బలెక్కిపోయాయి. సాయంత్రం ట్రక్కు ఎక్కేటప్పుడు నా చొక్కా విప్పి తొడిగా. పేరు కూడా అడగలా" అంది. మేం తగలబెట్టింది ఆ పిల్లనేరా.

మర్నాడు పొద్దు వాలే వేళ చేను మీంచి వస్తుంటే రాయి ముందు గొంతుక్కూర్చుని ఉంది పేరమ్మ. బతిమాలుతోంది. "నీకు చీర పెట్టారు, పొంగలి పెట్టారు, అంతా నువ్వే ఉంచుకో. నా పిల్లని నాకియ్యి" అంటోంది. తల పక్కకి వంచింది, ఎవరో మెల్లగా చెబితే వినేవాళ్ళలాగా. నేను దగ్గరికి పోయి, పిచ్చెక్కిందా నీకు అన్నా. నా వైపు తిరిగి, "పలికింది అన్నా" అంది. ఏమని అన్నా. "నా పేరేంటి అని అడుగుతోంది."

గాలి లేదురా ఆ పూట. రాయికి చుట్టిన చీర కొంగు మాత్రం కదిలింది. నేను ఒట్టేసి చెప్పను. కదిలినట్టు అనిపించింది, అంతే.

తెల్లారేసరికి పేరమ్మ లేదు. పోతూ పోతూ మా గోడ దగ్గర ఆగి మీ నాయనమ్మకి చెప్పిందట, "పేరు కనుక్కొస్తా వదినా. పేరు పెట్టి పిలిచేవాళ్ళుంటే అది వాళ్ళతో పోద్ది. అప్పుడు నా పిల్ల నాకొస్తది" అని. ఊళ్ళో వాళ్ళు మాత్రం తల్లి మళ్ళీ రాయిలోకి పోయిందన్నారు.

ఒక ఏడాది గడిచాక ఒక ముసలాయన వచ్చాడు. కందుకూరు అవతల ఏదో ఊరు, చేతికర్ర. "పేరమ్మ అని ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటా వచ్చిందయ్యా. మీ అమ్మాయి మా ఊళ్ళో ఉంది, వచ్చి పిలవండి అంది. నాతో పాటే బస్సెక్కింది, నా పక్క సీట్లోనే కూర్చుంది. దర్శిలో దిగి చూస్తే లేదు" అన్నాడు. ఈరోజుకీ లేదు. ఎక్కడ దిగిందో, అసలు ఎక్కిందో లేదో, ఆ ముసలాయనకే ఎరుక. నేనే ఆయన్ని రాయి దగ్గరికి తీసుకుపోయా. పట్టపగలు. జ్యోతి అక్కడ వాకిలి ఊడుస్తోంది, మావైపు వీపు పెట్టి. ఆయన రాయి మీద చెయ్యి వేసి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. ఒక్కసారే.

"ఆఁ, వస్తున్నా నాన్నా" అంది జ్యోతి.

ఊడవటం ఆగలా. తల తిరగలా. ఆ గొంతు జ్యోతిది కాదు, వాళ్ళమ్మదీ కాదు. నేనెప్పుడూ వినలా ఆ గొంతు. కాసేపటికి ఇటు తిరిగి, మామూలుగానే, "ఎవరు మావయ్యా ఈయన? నీళ్ళు తెమ్మంటారా?" అని అడిగింది. తనేమన్నదో తనకి తెలియదు. ముసలాయన ఆ పిల్ల తల నిమిరి, వెనక్కి నడిచాడు. బస్సెక్కేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి పిలిస్తే నాతో వచ్చేసేదేమో. పిలవమంటారా?" అన్నాడు. వద్దన్నా. ఏ పిల్ల పోయుండేదో నాకు తెలియదు గదరా. ఎవరూ లేరని అన్నేళ్ళు వాదించినవాణ్ణి, వద్దని రెండు చేతులూ పట్టుకున్నా ఆయన్ని.

ఏంటీ? ఆ పేరా? నాకు గుర్తుంది. చెప్పను. అడగొద్దు.

హుష్, అదుగో, జ్యోతే వస్తోంది గడ్డిమోపుతో. ఏమ్మా జ్యోతీ, ఇప్పుడా రావటం? జ్యోతీ... అమ్మా జ్యోతిర్మయీ... చూడు, పక్కనించే పోతోంది, వినపడలా? నువ్వు పిలువు, నీది పెద్ద గొంతు. జ్యోతీ...

సరే, పోనియ్యి. మన చేలో రెండో కోత మొదలెట్టారా?