గంజి పెట్టిన గిటార్ తీగలు

ఒక్క మాటకు జవాబు చెప్పున్రి పిల్లలూ, ఆడపిల్ల చెయ్యి తగిల్తే గిటార్ తీగ తొందరగ సస్తదా? లేదు గదా! మరి మీ కాలేజీ బ్యాండుల నా మనుమరాలికి లీడు గిటార్ ఎందుకియ్యలే? ‘అవ్వా, నీ గిటార్ ముచ్చట మావోళ్లకు చెప్పు’ అన్నవు గదనే బిడ్డా, చెప్త. ఫోన్ల రికార్డు అయితాందా, జర చూడు.

అరవైలల్ల ముచ్చట. మేం నారాయణపేటల మగ్గం నేసేటోళ్లం. మా అన్న నల్గొండల రేడియోలు బాగుచేసే దుకాణంల పనికుండె. నేను ఆయన కిరాయి అర్రలనే ఉండి కాలేజీల చదివేది. వాదనల పోటీ అంటే ముందుగాల నా పేరే. నా నోటికి జడిసి మగపిలగాండ్లు దూరం కూసునేది, నవ్వకున్రి, నిజం!

అన్నకు ఎవలో పాత గిటార్ ఇచ్చిన్రు. మీ లెక్క మెడకేసుకునేది కాదు, ఒళ్లె పండవెట్టి తీగల మీద ఇనుప కడ్డీ జార్చుకుంట వాయించేది. పాడైన హెడ్‌ఫోన్ల అయస్కాంతం, రాగితీగ చుట్ట ఇప్పి, తీగల కింద బిగించి, వైరు తీస్కపోయి వాల్వుల రేడియోకు తగిలించిండు. అయిపాయె, కరెంటు గిటార్!

కని ఏం లాభం? టింగుమనేది, సచ్చేది. వార్షికోత్సవంల వాయిస్త అని అడిగితే సెక్రటరీ పిలగాడు, “చెల్లె, నీ గిటార్ పాడుతలేదు, ఎక్కిళ్లు పెడ్తాంది” అన్నడు. అందరు నవ్విన్రు. “సరే, ఎక్కు. చెడగొడ్తె మాత్రం మళ్ల ఏ ఆడపిల్ల సామాను పట్టుకోని స్టేజీ మాట ఎత్తొద్దు” అన్నడు. నా ఒక్కదాని పరువైతే ఫికర్ లేకపోవు. నా ఎనుక ఇంకిద్దరు పిల్లలు హార్మోనియం నేర్చుకుంటున్రు మరి.

అన్న అన్నడు, “గట్టిగ మీటకే. రేడియో గొంతు పెంచు, నీ చెయ్యి తగ్గించు.” ఇంకోటి, రేడియోకు దగ్గర జరిగితే దాని మోతకు తీగ దానంతటదే వణుకుతది, స్వరం సావదు. ఇంకింత జరిగితివా, చెవులు పగిలేటట్టు కూత! ఆ రెండిటి నడుమ జాగా దొరకబట్టి బండల మీద సుద్దముక్కతోని గీత గీసుకున్న.

ఇగ వార్షికోత్సవం దినం మా అమ్మ నారాయణపేట నుంచి వచ్చింది. పొద్దుగాల తీగలు గరుకున్నయని, కడ్డీ జారుత లేదని నేను గొణిగిన. కాలేజీకి పోయి వచ్చేసరికి... ఏం జెయ్యాలె చెప్పు, మగ్గం మీద పడుగు దారాలు గరుకుంటే ఏం జేస్తరో గదే చేసింది అమ్మ. గంజి పెట్టి, కుంచెతోని దువ్వి ఆరబెట్టింది! మీటితే టప్పు. చెక్కను కొట్టినట్టు. “నున్నగుందా బిడ్డా?” అని ముఖం ఎలిగిపోతాంది ఆమెది. మెల్లగ అన్నను పిలిచిన.

అన్న వేన్నీళ్లు, గ్యాసునూనె, గదే కిరసనాయిల్ల ముంచిన గుడ్డ పట్టుకోని ఉరికొచ్చిండు. సన్నతీగలు తేరుకున్నయి. లావుతీగలు తేరుకోలే, వాటి మీది తీగ చుట్లల్ల గంజి ఇరికింది. కొత్తయి కొనాల్నంటే హైద్రాబాదు పోవాలె, మాపటికే స్టేజీ ఎక్కాలె, ఆడికి యాళ్ల యాడిది?

పాట మొత్తం సన్నతీగల మీదికే మార్చిన. స్టేజీ ఎక్కితే ఇంకో కష్టం, నా సుద్దగీత ఇంట్లుండె! ఆడ రేడియో యాడనో, కుర్చీ యాడనో. మీటిన. సస్తాంది. ఎవడో కావాలని ఎక్కిలి పెట్టిండు, బల్లలన్ని నవ్వినయి. కుర్చీ రేడియో దిక్కు జర జరిపిన. ఇంకింత. కూత పెడ్తదేమోనని చెవులు అటే పెట్టిన. ఇంకింత జరిపిన, గప్పుడు పట్టింది బిడ్డా! తీగ నా చేతి కింద బతికింది. కడ్డీ మెల్లగ జార్చుకుంట పోయిన, స్వరం నెయ్యి కారినట్టు నాతోనే వచ్చింది. నవ్వులు బందయినయి. పై స్వరం మీద ఆగి, కడ్డీని వణికించుకుంట దాన్ని పట్టుకున్న. నా ఊపిరి అయిపోయింది గని అది అయిపోలే.

కిందికి దిగితే మా అమ్మ పక్కామెకు చెప్తాంది, “గంజి నేనే పెట్టిన. అందుకే గంత నున్నగొచ్చింది.” అన్న నోరు తెరవబోతే కాలు తొక్కిన.

ఇప్పటికీ ఆ కుర్చీ జరుపుడు యాదికే ఉన్నది... ఇగో లీడు వాయించే బాబూ, నీ గిటార్‌కున్న ఆ స్పీకర్ పెట్టె వైరు ఇప్పి నా మనుమరాలి గిటార్‌కు తగిలియ్యి. ఇప్పుడే, నా ముందట. బిడ్డా, పెట్టె దిక్కు జరుగు. భయమైతాందా? కానియ్, అయినా జరుగు.