గోధుమ నారులో రెండు ముడులు

హలో… గొల్నార్, ఆ, నేనే, అక్కని. వినబడుతోందా?… పార్కులోనే. టెహరానంతా ఇక్కడే ఉంది, కాలు పెట్టడానికి చోటు లేదు…

మళ్ళీ అదే మాట. నౌరోజ్ పండగైన మూడో రోజుకే అమ్మ పోతే, నలభై రోజులు కాకుండా పార్కేంటంటావు. పండగ పదమూడో రోజు అందరూ బయటే గడపాలి, ఇంట్లో కూర్చుంటే అమ్మే ఒప్పుకునేది కాదు…

ఆ, ఎప్పటి చోటే. కాలువ పక్కన, చినార్ చెట్ల కింద… ఎటు చూసినా పచ్చగా ఉందే. ఇంత పచ్చదనం చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది…

తిన్నాంలే. మీ బావ అలవాటు కొద్దీ అమ్మకీ ఓ గ్లాసు టీ పోశాడు. ఎవరమూ ముట్టుకోలేదు. చల్లారిపోయింది…

ఏంటి?… నారు పళ్ళెం వెనక్కి తెమ్మంటావా? మతి ఉందా నీకు? ఇవాళ నీళ్ళలో వదలాల్సిందే. మళ్ళీ గడప తొక్కితే కీడు… పండక్కని అమ్మ తన చేత్తో మొలకెత్తించిన గోధుమలే, తెలుసు. నాకు మాత్రం వదలాలనుందా?…

లేదు, ఇంకా వదల్లేదు. ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నా… ఎందుకంటే— ఒకటి అడుగుతాను. దీనికి నువ్వు గానీ ముడులు వేశావా?… గడ్డి ముడులే, కోరిక కోరుకుని వేస్తాం చూడు…

పిల్లలు కాదు. ఇవాళ్టివి కావే. ముడి పడిన చోట పోచలు పసుపెక్కి ఎండిపోయాయి. లోపల, గుబురులో… రెండు. నీకొకటి, నాకొకటి అయ్యుంటుంది…

అవును, పదమూడునే వెయ్యాలి, పార్కుకొచ్చాకే వెయ్యాలి. మనం తొందరపడితే చేతి మీద ఒక్కటేసేది అమ్మ… మరి తనే ముందుగా వేసేసింది. పదమూడు దాకా ఉండనని తెలిసి…

ఏడవకు. ఆ రాత్రి నలతగా ఉందంటే నువ్వు పూల కషాయం ఇచ్చి పడుకోబెట్టినందుకు అమ్మ పోలేదే… డాక్టర్ని పిలిచుంటే?… కాదు. నా మాట విను. కాస్త విను…

పండగ రోజు అమ్మ నాకు విడిగా ఫోన్ చేసింది… అందరం మాట్లాడింది కాదు, ఆ తర్వాత. గుండెల్లో బరువుగా ఉంది, రేపే షిరాజ్ నుంచి బయల్దేరి రా, నీతో ఆస్పత్రికి వెళ్తాను అంది. గొల్నార్‌కి చెప్పకు, హడలిపోతుంది అంది…

నేనా?… అత్తగారింటికి చుట్టాలొస్తున్నారన్నాను. పదమూడున ఎలాగూ పార్కులో కలుస్తాం కదా, అప్పుడు చూద్దాంలే అన్నాను… "సరేలే అమ్మా, పార్కులోనే కలుద్దాం" అంది…

పొద్దుటి నుంచి ఈ దారినొచ్చే ప్రతి ముసలావిడ మొహమూ చూస్తున్నానే. భయమేస్తోంది…

ఆ… తెలిసే దాచాను. పది రోజులుగా "నా వల్లే, నా వల్లే" అని నువ్వు తల బాదుకుంటుంటే, పక్కన కూర్చుని నీ వీపు నిమిరాను. నోరు విప్పలేదు…

తిట్టు. ఏదో ఒకటి అను… గొల్నార్… గొల్నార్?

హలో…