రేవుపెద్ద నెత్తిన చేపనీళ్లు

నా పేరు అరబా తాబియా. వయసు యాభై రెండు ఉంటుందని మా అమ్మ లెక్క. ఘనా తీరంలో న్సువానో రేవులో చేపలు పొగబెట్టి అమ్ముకుంటాను. రేవుపెద్ద నానా బెంట్సిల్ నెత్తిన చేపనీళ్లు పోసింది నేనే. అందరూ చూస్తుండగానే పోశాను.

సోమవారం పొద్దున నా తమ్ముడు క్వమెనా, అతని స్నేహితుడు ఎబో రేవుపెద్ద పడవలో సముద్రంలోకి వెళ్లారు. వల తీసుకెళ్లలేదు. రేవుపెద్ద వాళ్లను విదేశీ ట్రాలర్ దగ్గరికి, అదే పెద్ద చేపల ఓడ దగ్గరికి పంపాడు, దొంగచాటుగా చేపలు కొని తెమ్మని. మా చేపనంతా ఊడ్చుకుపోతున్నారని ఆ ట్రాలర్లను మైకులో తిట్టేదీ ఈయనే. అక్కడి చేప ఐసు దిమ్మలా గడ్డకట్టి పెట్టెల్లో వస్తుంది.

ఆయన ఒడ్డున నిలబడి ఫోనులో అరవడం విన్నాను.

"ఇంకా ఎక్కించండ్రా! పడవేం మునగదు. మునిగితే నన్నడగండి."

మధ్యాహ్నం పడవ తిరిగొస్తూ, మాకు కనబడేంత దగ్గరలోనే అలల్లో ఒరిగిపోయింది. పెట్టెలు తేలాయి. ఎబో ఒక పెట్టెను పట్టుకున్నాడు. క్వమెనా చెయ్యెత్తాడు. నేను చూశాను. చెయ్యెత్తాడు. ఒడ్డునున్న జాలర్లు నీళ్లలోకి దూకారు.

"ముందు పెట్టెలు లాగండి!" అన్నాడు రేవుపెద్ద. "ఐసు కరిగితే ఎవడు కొంటాడు? క్వమెనాకేం, దున్నపోతులా ఉన్నాడు, వాడే ఈదుకొస్తాడు."

ఆయన పడవల మీద బతికేవాళ్లు కదా, పెట్టెలే లాగారు. ఎబో తన పెట్టెతో పాటు ఒడ్డుకు పడ్డాడు. నా తమ్ముడు మర్నాడు పొద్దున ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. చొక్కా పైగుండీ కూడా ఊడలేదు.

మర్నాడు మంగళవారం. మంగళవారం మేమెవరం వేటకు వెళ్లం, ఆ రోజు సముద్రానిది. శవం కనబడగానే రేవుపెద్దకు కథ దొరికింది.

"మంగళవారం వేటకెళ్లారు. సముద్రానికి కోపమొచ్చింది. తప్పు చేసినందుకు ఎబో ఒక గొర్రెను బలివ్వాలి" అని ఊరంతా చెప్పాడు. సోమవారం కళ్లారా చూసినవాళ్లు కూడా ఆయన పడవల కోసం అవునన్నారు.

పైగా మా ఇంటికి ఒక పెట్టె పంపాడు, చావుకొచ్చేవాళ్లకు వండిపెట్టమని. ఆ పెట్టెల్లోదే. నేను మూత తీసి ఎండలో పెట్టాను. శనివారం దాకా అక్కడే ఉంచాను, ఐసు కరిగి చేప కుళ్లి నీళ్లయింది. ఈగలు కూడా విసిగిపోయాయి.

శనివారం ఖననానికి వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పోయినవాళ్ల పేరు చెప్పి నేల మీద సారా ధార పోసి మళ్లీ మంగళవారం పాటే ఎత్తుకున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"అరబా, నేను పంపింది అందిందా అమ్మా?"

"అందింది నానా. ఇదిగో, తిరిగి తీసుకో."

పెట్టె మొత్తం ఆయన నెత్తిన బోర్లించాను.

"పిచ్చిముండా!" అని కేకేశాడు. గడ్డంలోంచి చేప తోక వేలాడుతోంది. చావింట్లో ఆడవాళ్లు అంతలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఆ నవ్వులో ఎబోకు ధైర్యం వచ్చింది. లేచి, "సోమవారమే వెళ్లాం, ఈయనే పంపాడు" అని అందరిలో చెప్పాడు. ఆ తరవాత గొర్రె ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆయన చేపను మా ఆడవాళ్లెవరూ పొయ్యి మీద పెట్టడం లేదు.

ఆయన కాళ్లు పట్టుకుంటే నా మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడని మీ పోలీసులే అన్నారు. నా తమ్ముడు చెయ్యెత్తినప్పుడు ఈయన తెల్లబట్ట తడవకుండా పైకెత్తుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి జరుగుతున్నాడు. ఆ కాళ్లు నేను పట్టుకోను. జైలుకే పంపండి.

దీన్ని మా భాషలో నాకు చదివి వినిపించారు. ఎవరికీ భయపడి చెప్పలేదు. జరిగిందే చెప్పాను, ఇందులో ఒక్క మాట తగ్గించమని మాత్రం నన్నడగొద్దు.

అరబా తాబియా, ఎడమ బొటనవేలి ముద్ర.