బిళ్ళ ఎప్పుడు మోగాలి

నోరు మూసుకుని "మ్మ్…" అనాలట, అక్కా! వింటున్నావా? ఆ కుట్టుమిషను కాసేపు ఆపు. ఓటు కాదు, చెయ్యెత్తడం కాదు. పెదాలు బిగించి "మ్మ్…" అనాలి. ఏ వైపు మ్మ్ గట్టిగా వినిపిస్తే ఆ వైపు గెలిచినట్టు. పెద్ద పెద్ద చదువులవాళ్ళు, నెరిసిన గడ్డాలవాళ్ళు, గది నిండా కూర్చుని తుమ్మెదల్లాగా!

నవ్వకు. నాకు తెలీక చెయ్యెత్తాను. బళ్ళో పిల్లలా, నిటారుగా. గదంతా వెనక్కి తిరిగి చూసింది. అధ్యక్షుడు, మీసాలాయన అందాం, మనిషికన్నా ముందు మీసాలే గదిలోకొస్తాయి, "చేతులు ఇక్కడ లెక్కలోకి రావండీ, మ్మ్ అనాలి" అన్నాడు. మర్యాదగానే అన్నాడులే. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

ఎందుకిలా అంటావా? అడిగాను, నేను ఊరుకుంటానా? లెక్కపెట్టే ఓటైతే డబ్బున్న కంపెనీ బస్సు నిండా మనుషుల్ని తెచ్చి దింపేస్తుందట. అదే మ్మ్ అంటే, ఎవరన్నారో పై అధికారికి తెలీదట. ఉద్యోగం భయం లేకుండా మనసులో మాట చెప్పొచ్చట. వినడానికి బాగుంది కదా? నాకూ బాగుంది. అదే నా ఏడుపు! వాళ్ళు చెప్పేది ఏ ముక్కకా ముక్క సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే గోడ. తల బాదుకోవడమే.

ఎవరు వీళ్ళు అని మొన్న నువ్వడిగితే చెప్పకుండా రైలెక్కేశాను. ప్రభుత్వం కాదక్కా. పోలీసులూ కారు. చట్టాలు చెయ్యరు, జరిమానాలు వెయ్యరు. నియమాలు రాస్తారు, అంతే. ఇంటర్నెట్టులో ఈ యంత్రం ఆ యంత్రంతో ఎలా మాట్లాడాలి, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, అదంతా వీళ్ళు రాసిన కాగితం. పాటించకపోతే ఎవరూ కొట్టరు. కాకపోతే నీ వస్తువుతో పక్కవాడి వస్తువు మాట్లాడదు, నీ సరుకు ఎవడూ కొనడు. అంతకన్నా పెద్ద బెత్తం ఇంకేం కావాలి?

తలుపులు మాత్రం బార్లా తెరిచే ఉంటాయి. సభ్యత్వం లేదు, సిఫారసు లేదు, ఎవరైనా రావచ్చు. మరి వచ్చేదెవరు? రావడమే ఉద్యోగమైనవాళ్ళు! ఆఫీసులో యాప్‌లలో తప్పులు వెతుక్కునేదాన్ని నేను. సెలవు కోసం మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, రాత్రీపగలూ వాళ్ళ పాత కాగితాలన్నీ చదువుకుని వెళ్ళాను. నా పక్క కుర్చీలోవాడికి ఆ కుర్చీలో కూర్చోవడానికే జీతం.

వాడే నున్నచొక్కా. బిళ్ళలు అమ్మే కంపెనీవాడు. ఒంటి మీద ఒక్క ముడత లేదు, నువ్వు ఇస్త్రీ చేసినా అంత నున్నగా రాదు.

అవును, ఆ బిళ్ళలే. తాళాలు పోతే ఫోన్లో చూసి వెతుక్కోవడానికి అమ్ముతారే, బొత్తామంతవి. పిల్లదాని బడిసంచి అడుగున నీది కాని కుట్టొకటి కనిపించిందని విప్పితే బయటపడింది చూడు. నువ్వు విప్పేసరికే ఆ మనిషి మన పాత ఇంటి మెట్ల కింద నిలబడున్నాడు. నోరారా బావా అని పిలిచాను వాణ్ణి! తలుచుకుంటే నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

సరే, విను. సొంతదారుకి దూరంగా, ఇంకెవరి వెంటో తిరుగుతున్న బిళ్ళ తనంతట తనే మోగాలి. దీనికి అందరూ తలూపారు. ఎంతసేపటికి మోగాలి? అక్కడొచ్చింది గొడవ. గంటలోపు మోగాలి అన్నాను నేను. నున్నచొక్కా ఏమన్నాడో తెలుసా? కంపెనీల ఇష్టానికి వదిలేద్దాం, కావాలంటే రోజు దాకా ఆగొచ్చు అన్నాడు.

రోజా? రోజులో వాడు నిన్ను పట్టుకుని, ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, జుట్టు పట్టుకుని, ఇంటికి లాక్కుపోయి, మళ్ళీ అన్నం వడ్డించమనగలడు!

"మరీ తొందరగా మోగితే దొంగ విని పారేస్తాడు మేడమ్. పక్కింటివాళ్ళ గొడుగు అడిగి తెచ్చుకున్నా కుయ్యిమంటుంది. జనం విసుగెత్తి బిళ్ళ గొంతే పీకేస్తారు" అన్నాడు నున్నచొక్కా.

"బిళ్ళ గొంతు గురించి ఇంత బెంగ పెట్టుకున్నారు, సంచి మోసే మనిషికీ ఒక గొంతుంటుందండీ" అన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు.

వాడు నవ్వలేదు. ఎంతో దయగా నా వైపు తిరిగాడు. "మీ ఆవేదన నాకర్థమైంది. నిజంగా జరిగింది ఒక్కటి చెప్పండి. ఊహల మీద నియమాలు రాయలేం కదా?"

అక్కా, గదంతా నా వైపే చూసింది. మైకు నా చేతిలో ఉంది. నిజంగా జరిగింది నాలుక చివర ఉంది! "నా సంగతి అక్కడ ఎత్తావంటే నేను నీకు లేను" అన్నావు కదా, వెళ్ళే ముందు, గుమ్మంలో. మైకు పక్కవాడికి ఇచ్చేసి కూర్చున్నాను. నన్నెప్పుడైనా అలా చూశావా నువ్వు? ఊళ్ళో అందరికీ సమాధానం చెప్పేదాన్ని!

అప్పుడే మ్మ్ అనమన్నాడు మీసాలాయన. గంటలోపు అనేవాళ్ళు ముందు.

నాకు రాలేదు. నిజం.  ఎందుకంటావా? ఆ శబ్దం నేను అంతకుముందు విన్నాను కాబట్టి. ఆ రోజు పరదాలు లాగేసి, మనం ముగ్గురం వంటింట్లో నేల మీద నక్కి, వాడు తలుపు బాదుతుంటే పిల్ల నోటికి నువ్వు అరచెయ్యి అడ్డం పెట్టావు. ఆ చేతి కింద నుంచి పిల్ల చేసిన చప్పుడేమిటి? అదే. మ్మ్…

గది నిండా అదే చప్పుడు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

మాది పల్చగా వినిపించింది. వాళ్ళది నిండుగా వినిపించింది. "మొగ్గు అటు ఉంది" అన్నాడు మీసాలాయన. "ఇదే తీర్పు కాదు, గదికి రానివాళ్ళూ ఉంటారు, ఇంటర్నెట్టులో ఎవరైనా చదవగలిగే మా మెయిళ్ళలో అందరి మాటా విని ఖరారు చేస్తాం" అన్నాడు. చూశావా, అదీ సబబే!

బయట కాఫీ యంత్రం దగ్గర దాన్ని తన్నబోయాను. ఒక పెద్దావిడ పట్టుకుని ఆపింది. తాళాలమ్మ అంటారట, మెసేజీలకి తాళం వేసే రహస్య సంకేతాల పని ఆవిడది, జుట్టంతా తెల్లగా. "గదిలో ఓడింది మెయిళ్ళలో గెలవడం నా కళ్ళతో చూశాను. తిట్లు రాయకమ్మా, జరిగింది రాయి" అంది.

రాశాను.

అలా చూడకక్కా. ముందు మొత్తం విను. నీ పేరు రాయలేదు. పిల్ల పేరు రాయలేదు. సంచి, కుట్టు, మెట్ల కింద మనిషి, అరచెయ్యి, అంతే. అక్కడే గోడకానుకుని రాసి, ఒక్కసారి కూడా చదువుకోకుండా పంపేశాను. నీకు ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే వద్దంటావు. అందుకే చెయ్యలేదు.

రైల్లో ఉండగానే జవాబులొచ్చాయి! ఎక్కడెక్కడివాళ్ళో, మొహం తెలీనివాళ్ళు. "నిన్న అటువైపు మ్మ్ అన్నది నేనే, వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒకాయన. ఇంకొకావిడ తన చెల్లెలి సంగతి రాసింది. నున్నచొక్కా ఇంతవరకూ కిక్కురుమనలేదు. "గంటలోపు" అన్నదే ఖాయమవుతుందంది తాళాలమ్మ. గెలుస్తున్నామక్కా!

ఏమిటి? ఇంకేం రాశానా?

"ఇప్పుడు అక్క నా దగ్గరే ఉంటోంది" అని రాశాను. ధైర్యంగా ముగుస్తుందనుకున్నాను. నా ప్రతి మెయిలు కింద నా పేరూ, ఆఫీసూ, ఆఫీసు వీధీ దానంతటదే వచ్చి చేరుతుంది. అది ఆఫీసువాళ్ళు పెట్టింది, అలవాటైపోయి నాకు కనపడనే కనపడదు. సగం దారిలో కనపడింది. నా పేరు వాడికి తెలీదా? తెలీనివి ఈ కొత్త ఇల్లూ, నా ఆఫీసూ. వెతికితే మొదట వచ్చేది ఆ ఉత్తరమే. ఆఫీసు గేటు దగ్గర ఒక సాయంత్రం నిలబడితే చాలు, నా వెనకే ఇంటికొస్తాడు. బిళ్ళతో పనేముంది?

మీసాలాయనకి రాశాను, తీసెయ్యమని. బతిమాలాను కూడా, నేను! "ఇక్కడికొచ్చిన మాట ఎవరిదైనా అందరికీ కనపడాల్సిందే. ఈరోజు మీకోసం తీస్తే రేపు కంపెనీలు తమవి తీయమంటాయి. పైగా ఇప్పటికే ఎన్నో చోట్లకి నకళ్ళు వెళ్ళిపోయాయి" అన్నాడు. ఎంతో బాధపడుతూ అన్నాడు. సబబే. దేవుడా, అదీ సబబే!

ఏదో ఒకటి అను. తిట్టు. చెంప పగలగొట్టు. అటక మీది ఆ బట్టల పెట్టె ఎందుకు దించుతున్నావు? సరే, దించు. పట్టు, నేను పైనుంచి అందిస్తాను. నావి కూడా రెండు జతలు…

నావి వద్దా?

నా ఉద్యోగం, నా పేరు, నా ఫోను, దేని వెంట వచ్చినా వాడికి నువ్వు దొరికినట్టే కదా ఇప్పుడు. అర్థమైంది. పిల్లని బడి నుంచి నువ్వే తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోతావు. ఎక్కడికో నాకు…

లేదు, చెప్పకు. నేను అడగను. నోరు జారేదాన్ని, నాకు చెప్పకక్కా.