కిందికి దిగిన పాట

నీ మొగుడి రొమ్ము మీద ఆ కుట్ల గీత సంగతా? చెప్తా గానీ, ముందు పాటాయన సంగతి చెప్పాలి. పాటాయనంటే పాటలు పాడే మనిషి కాదు తల్లీ, వేలంపాట పాడించేవాడు. పోయి చాలా ఏళ్ళయింది. ఇది జరిగినప్పుడు మీ ఆయనకి నాలుగేళ్ళు, గుండెలో చిల్లు. నేను బడిలో కుట్లు నేర్పేదాన్ని. ఆపరేషన్ కోసం టీచర్లంతా తలా ఓ వస్తువు తెచ్చి, బడి హాల్లోనే వేలం పెట్టారు. మొదటి రోజు హెడ్మాస్టరే పాడించాడు. మహా మొహమాటస్తుడు. తెలిసినవాళ్ళని "ఇంకాస్త పెంచండి" అనలేక, బంగారంలాంటి కుర్చీల జతని టీ ఖర్చుకి ఇచ్చేశాడు. ఇలాగైతే పిల్లాడు దక్కడని లెక్కల టీచరమ్మ వెళ్ళి చేపల రేవులో పాడించే మనిషిని కూలి మాట్లాడి తెచ్చింది. "సాయానికి కూలేమిటి?" అని కొందరు మూతులు తిప్పారు. "ఊరికే అంటే నాకు గొంతు లేవదు బాబూ" అన్నాడాయన.

ఇంతకీ రేవులో పాట పైకి పోదు, కిందికి దిగుతుంది. చేప నిలవుండదు కదా మరి! పెద్ద ధర చెప్పి తగ్గించుకుంటూ వస్తారు, ఎవరి నోరు ముందు తెరుచుకుంటే సరుకు వాళ్ళది. ఆయన ముందే చెప్పాడు. నా బుర్రకెక్కితేగా! వెనక బెంచీ మీద పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నా. వాడి పెదాలు నీలంగా... ఆఁ, చివరికి ఊళ్ళో డాక్టరుగారిచ్చిన నిలువెత్తు గడియారం మిగిలింది. అది మంచి ధరకి పోతేనే ఆపరేషన్. "యాభై వేలు! నలభై అయిదు! నలభై!" దిగుతోందమ్మా. బట్టల కొట్టాయనా మందుల కొట్టాయనా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారే గానీ నోరు విప్పరు. ముప్ఫైకి దిగింది. లేచి "ఆపండి!" అని అరిచా.

ఠప్పున బల్ల మీద కర్ర పడింది. "అమ్మగారికి!"

"అయ్యో, నేను కొనలేదండీ!"

"నోరు తెరిచింది మీరే. సరుకు మీది. ఇక మీరే అమ్ముకోండి" అన్నాడు, నవ్వకుండా. మందుల కొట్టాయన పకపకా నవ్వి, "యాభైకి నాకివ్వండమ్మా" అన్నాడు. "నేనిక్కడుండగా నీకెందుకిస్తుందయ్యా?" అని లేచాడు బట్టల కొట్టాయన. ఇక చూడు, ఇద్దరూ పంతానికి పోయి పెంచుకుంటూనే ఉన్నారు. పాటాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆపరేషన్ రోజు ఆసుపత్రికొచ్చాడు. ఏం అరిచాడో ఏమో, గొంతు పూర్తిగా పోయింది. డాక్టరు "గండం గడిచింది" అన్నా నాకు నమ్మకం కుదరలేదు. పాటాయన దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, రేవులో చేపని చూసినట్టే పిల్లాడి పాదం పట్టి చూశాడు. నా చెయ్యి లాగి అక్కడ పెట్టాడు. ఎప్పుడూ చల్లగా ఉండే పాదం, వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఏడవలేదు నేను...

ఆ కిటికీ వెయ్యమ్మా, చలిగాలి వస్తోంది.